టేకు దూలాలు చీల్చాలంటే ముందు బ్లేడు తేల్చుకోండి, మెషీను తర్వాత

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. భీమిలిలో కూల్చిన పెంకుటింటి నుంచి పన్నెండు టేకు దూలాలు కొన్నారు. ఒక్కొక్కటి 6 అంగుళాల మందం, 8 అంగుళాల ఎత్తు. వాటి నుంచి అల్మారా తలుపులకు 6 మి.మీ. పలకలు తీయాలి. గోపాలపట్నంలో మీ స్నేహితుడి దగ్గరున్న 14 అంగుళాల చక్రాల బ్యాండ్‌సా (కిందా పైనా రెండు చక్రాల మీద పట్టీలా బ్లేడు తిరిగే రంపం మెషీను) మీద కోసి చూస్తే కోత మధ్యలో పొట్ట వేసింది. పైనా కిందా 8 మి.మీ. ఉన్న పలక నడుమ 5 మి.మీ.కి వచ్చింది. దాంతో ఆ మెషీను చాలదనుకున్నారు. కొత్తగా రైజర్ బ్లాకుతో (కోత ఎత్తు పెంచడానికి ఫ్రేము మధ్యలో పెట్టే దిమ్మ) వచ్చే 1 హెచ్‌పీ 14 అంగుళాలది కొనాలా, గాజువాక ఆటోనగర్‌లో చూసిన 24 అంగుళాల సెకండ్ హ్యాండ్ది కొనాలా, దేనికి ఏ బ్లేడు వేయాలి అని అడిగారు.

నేను విశాఖ కంచరపాలెంలో ఇరవై ఏళ్లకు పైగా ఈ పనే చేస్తున్నాను. మా నాన్న చేతి రంపంతో ఇద్దరు మనుషులను పెట్టి దుంగలు కోయించిన రోజులు చూశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, మీరు ప్రశ్నను తలకిందులుగా అడిగారు. ముందు ఈ చెక్కకు ఏ బ్లేడు కావాలో తేల్చుకోవాలి. ఆ బ్లేడును బిగించి పట్టుకోగల మెషీను ఏదో తర్వాత చూడాలి. మీ కోత చెడింది మెషీను చిన్నదై కాదు. మీరు పెట్టిన ఫొటోలో బ్లేడు పక్కన టేపు ఉంది కదా, దాని మీద లెక్కపెట్టాను. అంగుళానికి ఆరు పళ్లున్నాయి. పొట్ట అక్కడి నుంచే వచ్చింది.

ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది పట్టుబడితే మిగతాదంతా తేలిక. ప్రతి పన్ను ముందు చిన్న గుంత ఉంటుంది. గల్లెట్ అంటారు. పన్ను చెక్కలోకి దిగినప్పటి నుంచి కింద బయటికి వచ్చేదాకా తీసిన పొట్టు అంతా ఆ గుంతలోనే మోసుకు రావాలి, మధ్యలో దింపుకోవడానికి చోటుండదు. మీ దూలం ఎత్తు 8 అంగుళాలు. ఆరు పళ్ల బ్లేడైతే ఒకే సమయంలో 48 పళ్లు చెక్కలో ఉంటాయి. గుంతలు చిన్నవి, సగం దూరం వెళ్లేసరికే నిండిపోతాయి. నిండిన గుంత ఇక కోయదు, రుద్దుతుంది. పొట్టు పక్కలకు పొర్లి బ్లేడుకూ చెక్కకూ మధ్య ఇరుక్కుంటుంది. బ్లేడు వేడెక్కుతుంది, కోత ముందుకు కదలదు, మీరు ఇంకాస్త గట్టిగా నెడతారు. బ్లేడు వెనక్కి పోలేక పక్కకు వంగుతుంది. బ్లేడు పక్కకు కదలకుండా ఆపే గైడ్లు పైన ఒకటీ కింద ఒకటీ పట్టుకునే ఉంటాయి కాబట్టి రెండు చివర్లా గీత మీదే ఉండి, నడుమ మాత్రం విల్లులా వంగుతుంది. మీ పలక నడుమ 5 మి.మీ.కి రావడం అచ్చం ఇదే.

అదే మూడు పళ్ల బ్లేడైతే చెక్కలో 24 పళ్లుంటాయి. రెండు పళ్లదైతే 16. పళ్ల సంఖ్య సగమైతే, మీరు అదే వేగంతో నెట్టినా ఒక్కో పన్ను రెండింతల మందం పొర తీస్తుంది, దాన్ని మోయడానికి పెద్ద గుంత ఉంటుంది. పన్ను రుద్దడం మానేసి కోస్తుంది. కొందరు పళ్లు ఎక్కువుంటే కోత నున్నగా వస్తుందంటారు. అరంగుళం పలక అడ్డంగా కోసేటప్పుడు అది నిజం. 8 అంగుళాల ఎత్తును నిలువునా చీల్చేటప్పుడు కాదు. ఎలాగూ పలకను చిత్రిక పడతారు కాబట్టి గీతలు ఉన్నా పరవాలేదు. మీ పనికి అంగుళానికి 3 పళ్లు, హుక్ రకం. పన్ను ముందుకు కొద్దిగా వాలి ఉంటుంది కాబట్టి చెక్కను తనే లోపలికి లాక్కుంటుంది. 2 నుంచి 3 మధ్య మారుతూ ఉండే వేరియబుల్ పిచ్ దొరికితే ఇంకా మంచిది. పళ్ల మధ్య దూరం ఒకేలా లేకపోవడం వల్ల అదురు తగ్గుతుంది, కోత మీద అలలు తక్కువగా వస్తాయి. నాలుగు పళ్లకు మించి మాత్రం వెళ్లకండి.

ఇక బ్లేడు దేనితో చేశారన్నది. మామూలు కార్బన్ స్టీలు బ్లేడు చవక. కొత్తగా ఉన్నప్పుడు చాలా పదును, మామిడి, వేప లాంటి చెక్కకు హాయిగా సరిపోతుంది. టేకు సంగతి వేరు. టేకు చెక్కలో సహజంగానే సిలికా ఉంటుంది. అది ఇసుకలో ఉండే పదార్థమే. చేతికి మెత్తగా, చిత్రికకు వినయంగా అనిపించే చెక్క బ్లేడు పళ్లను మాత్రం తినేస్తుంది. కార్బన్ బ్లేడు మీద రెండు దూలాలు దాటకముందే మీకు తేడా తెలుస్తుంది. నెట్టే బలం పెరుగుతుంది, పొట్టు సన్నబడి పిండిలా వస్తుంది, కాలిన వాసన వస్తుంది.

కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థంతో పళ్లు చేసిన బ్లేడు టేకుకు అన్నిటికన్నా బాగా నిలబడుతుంది. లెనాక్స్ వుడ్‌మాస్టర్ సీటీ లాంటివి ఇలాంటి చీల్చే పనికే చేసినవి. అయితే అది 25 మి.మీ. వెడల్పు, దాదాపు 0.9 మి.మీ. మందం. అంత బ్లేడు మీ స్నేహితుడి మెషీనుకు ఎక్కదు. దానికి కావాల్సిన బిగువు కూడా ఆ మెషీను ఇవ్వలేదు. ఇంకో ముఖ్యమైన కారణం, మీవి పాత ఇంటి దూలాలు. వాసాలు దిగ్గొట్టిన మేకులు, ఉయ్యాల కొక్కేలు, పగిలిన తల దగ్గర కొట్టిన ఇనుప పట్టీ తాలూకు సీలలు, ఏదో ఒకటి లోపల ఉండిపోతుంది. కార్బైడ్ పన్ను గట్టిదే కానీ పెళుసు. మేకు తగిలితే పళ్లు వరసగా రాలిపోతాయి, ఆ బ్లేడును మళ్లీ బాగుచేసుకునే దారి మనకు ఇక్కడ కష్టం.

అందుకే మీకు నేను చెప్పేది బైమెటల్. వెనక పట్టీ మెత్తటి స్ప్రింగ్ స్టీలు, పళ్ల అంచు హైస్పీడ్ స్టీలు. ఎం42 అని రాసి ఉంటే అందులో 8 శాతం దాకా కోబాల్టు ఉందని అర్థం, వేడికి పదును త్వరగా పోదు. చిన్న మేకు తగిలినా రెండు మూడు పళ్లు మొద్దుబారతాయి కానీ బ్లేడు బతుకుతుంది. కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. మన ఊళ్లో బైమెటల్ బ్లేడు అని అడిగితే ఎక్కువగా ఇనుము కోసేవే తీసి చూపిస్తారు, వాటికి అంగుళానికి పది, పద్నాలుగు పళ్లుంటాయి. అవి మీకు పనికిరావు. అంగుళానికి మూడు పళ్లు, లేదా రెండు–మూడు అని స్పష్టంగా చెప్పి అడగండి.

వెడల్పు, మందం గురించి నేను నష్టపోయి నేర్చుకున్నది చెబుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి ఊళ్లో చెట్లు కూలిన తర్వాత నాకు మంచి నిద్రగన్నేరు దుంగలు దొరికాయి. అప్పుడు నా దగ్గర 14 అంగుళాల మెషీనే ఉంది. వెడల్పు బ్లేడైతే తిన్నగా పోతుందని ఎవరో చెబితే 20 మి.మీ. వెడల్పు, 0.8 మి.మీ. మందం ఉన్న బ్లేడు చేయించాను. వారం తిరక్కుండా మూడు బ్లేడ్లు తెగాయి. మూడూ అతుకు దగ్గర తెగితే అతికిన వాడిని అనేవాణ్ని. కానీ తెగింది గల్లెట్ల అడుగున. అప్పుడు కూర్చుని లెక్క వేశాను.

చక్రం మీద వంగినప్పుడు బ్లేడులో పుట్టే ఒత్తిడి తెలుసుకోవడం కష్టం కాదు. ఉక్కు సాగుడు గుణకం సుమారు 2 లక్షల మెగాపాస్కల్స్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం). దాన్ని బ్లేడు మందంతో గుణించి చక్రం వ్యాసంతో భాగించండి. 14 అంగుళాలంటే 355 మి.మీ. దాని మీద 0.8 మి.మీ. బ్లేడు వంగితే 450 మెగాపాస్కల్స్. అదే చక్రం మీద 0.5 మి.మీ. బ్లేడైతే 280. 24 అంగుళాల చక్రం, అంటే 610 మి.మీ. మీద 0.9 మి.మీ. బ్లేడు కూడా 295 దగ్గరే ఉంటుంది. దీని మీద మనం బిగించే టెన్షన్ అదనం. 14 అంగుళాల మెషీను బ్లేడు నిమిషానికి ఆరు వందల సార్లకు పైగా వంగి, సాగి, మళ్లీ వంగుతుంది. తీగను అటూ ఇటూ వంచి తెంపినట్టే అది తెగుతుంది. పాత మిల్లువాళ్లు చెప్పే లెక్క ఒకటుంది, చక్రం వ్యాసంలో వెయ్యో వంతుకన్నా బ్లేడు మందం పెరగకూడదని. 355 మి.మీ. చక్రానికి 0.35 అవుతుంది. బైమెటల్‌లో 0.5 దాకా వెళ్లినా నాకు ఇబ్బంది రాలేదు. 0.6 దాటితే మాత్రం బ్లేడు ఆయుష్షు తగ్గుతుంది.

రెండో లెక్క బిగువుది. నా దృష్టిలో మెషీను కొనేటప్పుడు చూడాల్సిన అసలు లెక్క ఇదే. బ్లేడు నిటారుగా నిలబడాలంటే కార్బన్ స్టీలుకు సుమారు 100 నుంచి 140 మెగాపాస్కల్స్ టెన్షన్ కావాలి, బైమెటల్‌కు 170 దాకా, కార్బైడ్‌కు ఇంకా కాస్త ఎక్కువ. 13 మి.మీ. బ్లేడులో గల్లెట్ తీసేస్తే మిగిలే పట్టీ 9 మి.మీ. 0.5 మందం అనుకుంటే 170 మెగాపాస్కల్స్‌కు ఒక వైపు 78 కిలోల లాగుడు. బ్లేడు చక్రానికి రెండు వైపులా ఉంటుంది కాబట్టి పై చక్రం మీద 156 కిలోలు. 14 అంగుళాల మంచి పోత ఇనుప ఫ్రేము దీన్ని మోస్తుంది. ఇప్పుడు 25 మి.మీ. వెడల్పు, 0.9 మందం ఉన్న బ్లేడు తీసుకోండి. మిగిలే పట్టీ 19 మి.మీ. అనుకుంటే పై చక్రం మీద దాదాపు 590 కిలోలు. చిన్న మెషీను ఫ్రేము ఈ బరువుకు వంగుతుంది, స్ప్రింగు పూర్తిగా నలిగిపోతుంది, చక్రాలు వరస తప్పుతాయి. మెషీను మీదున్న బిగువు స్కేలు మాత్రం ఒక అంగుళం బ్లేడుకు సరిపోయినట్టు గీత చూపిస్తూనే ఉంటుంది. ఆ గీతలను నమ్మకండి.

బిగువును మీరే కొలవచ్చు. బ్లేడు వదులుగా ఉన్నప్పుడే, ఊగకుండా తిన్నగా నిలబడేంత మాత్రం బిగించి, 200 మి.మీ. దూరంలో రెండు చిన్న క్లాంపులు కట్టి, మధ్యలో డయల్ గేజి గానీ డిజిటల్ వెర్నియర్ గానీ అమర్చి సున్నా చేయండి. ఇప్పుడు పూర్తిగా బిగించండి. 200 మి.మీ. పొడవు 0.1 మి.మీ. సాగితే 100 మెగాపాస్కల్స్ వచ్చినట్టు. 0.17 సాగితే 170. ఒక్కసారి ఇలా కొలిచి, ఆ బిగువులో హ్యాండిల్ ఎక్కడ ఉందో మార్కరుతో గీత పెట్టుకోండి. ఆ బ్లేడుకు ఇక ప్రతిసారీ కొలవక్కర్లేదు. పని అయిపోగానే టెన్షన్ వదలడం మరిచిపోవద్దు. రాత్రంతా బిగించి వదిలేస్తే చక్రాల మీది రబ్బరు ఒకే చోట గుంట పడుతుంది.

ఇప్పుడు మీ రెండు మెషీన్ల సంగతి. కొత్త 14 అంగుళాలది, రైజర్ బ్లాకుతో, 1 హెచ్‌పీ. రైజర్ పెడితే 6 అంగుళాల ఎత్తు 12 అవుతుంది. కానీ రెండు ముక్కల ఫ్రేము, మధ్యలో బోల్టు, దాని పట్టు తగ్గుతుంది. 8 అంగుళాల టేకుకు 1 హెచ్‌పీ మోటారు మూలుగుతుంది. మీరు దాన్ని కొంటే ఇప్పుడు మీ స్నేహితుడి దగ్గరున్నదే ఇంకొకటి కొన్నట్టు. అది వద్దు.

అసలు పన్నెండు దూలాలే మీ పని అయితే ఏ మెషీనూ కొనకండి. స్నేహితుడి మెషీనుకు 13 మి.మీ. వెడల్పు, 0.5 మందం, 3 పళ్ల బైమెటల్ బ్లేడ్లు రెండు చేయించండి. దూలాన్ని ముందే రెండున్నర అడుగుల ముక్కలుగా అడ్డంగా కోసుకోండి. పూర్తి పొడవు మూడు మీటర్ల దూలం దాదాపు 60 కిలోలు ఉంటుంది, ఆ టేబులు మీద దాన్ని తిన్నగా నెట్టడం మీ వల్లా నా వల్లా కాదు. ముక్క చేస్తే 15 కిలోలే. అల్మారా తలుపు పలకకు ఎలాగూ ఆ పొడవు చాలు. మెల్లగా కోస్తే మీకు కావాల్సిన పలకలన్నీ అక్కడే వస్తాయి. నేను ఇలాంటి 14 అంగుళాల మెషీను మీదే ఆరేళ్లు గడిపాను.

సామిల్లుకు తీసుకెళ్లడం కూడా తప్పు కాదు. మర్రిపాలెం వైపు మిల్లులు నాకు తెలుసు, గంటలో చీల్చి పంపిస్తారు. కానీ మిల్లు బ్లేడు మందంగా ఉంటుంది, కోతకే 2.5 నుంచి 3 మి.మీ. పొట్టు పోతుంది. లెక్క చూడండి. చిత్రిక కోసం వదిలితే పలక 8 మి.మీ. కోయాలి. 13 మి.మీ. సన్న బ్లేడు కోత 1.2 మి.మీ. తింటుంది, అంటే పలకకు 9.2. 150 మి.మీ. మందంలో 16 పలకలు. 3 మి.మీ. కోతకు పలకకు 11, వచ్చేది 13. ప్రతి దూలానికి మూడు పలకలు పొట్టులో పోతాయి. పాత టేకులో అది చిన్న నష్టం కాదు. పైగా మేకులున్న పాత చెక్కను మిల్లువాళ్లు చాలామంది ఒప్పుకోరు, వాళ్ల బ్లేడు పోతుందని. అది వాళ్ల న్యాయమైన భయం.

ఇది మీకు నిత్యం చేసే పని కాబోతుంటే మాత్రం గాజువాకలో చూసిన 24 అంగుళాలది మంచి నిర్ణయం. పెద్ద చక్రం, బరువైన పోత ఫ్రేము, 25 మి.మీ. బ్లేడుకు కావాల్సిన బిగువు ఇస్తుంది. ఒక్కటి ముందే చెబుతాను. మన రాష్ట్రంలో కలప కోసే మిల్లులు అటవీ శాఖ లైసెన్సు పరిధిలోకి వస్తాయి. కలప ఆధారిత పరిశ్రమలకు కేంద్ర పర్యావరణ శాఖ 2016లో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. మీ వర్క్‌షాపు, మీరు కొనబోయే మెషీను దాని కిందికి వస్తాయో లేదో డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసులో ముందే కాగితం మీద రాసి అడగండి. దూలాలు కొన్న రసీదు కూడా దాచుకోండి. డబ్బు కట్టాక ఇబ్బంది పడకూడదనే నా తపన.

వెళ్లి చూసేటప్పుడు ఏం చూడాలో చెబుతాను. రంగు చూడొద్దు. మూతలు తెరిపించి రెండు చక్రాలనూ చేత్తో తిప్పండి, పై చక్రం పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి. ఆట ఉంటే బేరింగు పోయినట్టు. బేరింగు మార్చవచ్చు, షాఫ్టు అరిగితే లేతు పని పడుతుంది. రబ్బరు టైరు గోరుతో నొక్కండి, గట్టిపడి పగుళ్లు వచ్చి ఉంటే మార్చాల్సిందే. ఒక పొడుగాటి తిన్నటి పట్టీని రెండు చక్రాల అంచులకూ ఆనించి చూడండి. రెండూ ఒకే తలంలో ఉండాలి. అమ్మేవాణ్ని పని బ్లేడు ఎక్కించి పూర్తిగా బిగించమనండి. బిగించేటప్పుడు ఫ్రేము మెడ దగ్గర మూలమట్టం పెట్టి గమనించండి. మట్టం మారుతూ ఉంటే ఆ ఫ్రేము పని అయిపోయింది. గైడు పోస్టును, అంటే పై గైడును మోసే కడ్డీని, పైనుంచి కిందికి జరిపి చూడండి. బ్లేడుకు ఎడంగానో దగ్గరగానో జరిగిపోతే ప్రతి ఎత్తుకూ గైడ్లు మళ్లీ సర్దుకోవాలి, విసిగిపోతారు. చివరిగా మెషీను ఆన్ చేసి, పాత మందపాటి ఐదు రూపాయల నాణేన్ని టేబులు మీద నిలబెట్టండి. వేగం అందుకునేదాకా నిలబడితే చక్రాలు బాలెన్సులో ఉన్నాయని అర్థం.

కొనే మెషీను మోటారు గురించి. 8 అంగుళాల ఎత్తుకు కనీసం 2 హెచ్‌పీ, వీలైతే 3. సింగిల్ ఫేజులో 2 హెచ్‌పీ మోటారు 9, 10 ఆంపియర్లు లాగుతుంది. స్టార్ట్ అయ్యేటప్పుడు దానికి ఐదారు రెట్లు. గోపాలపట్నంలో సాయంత్రం వోల్టేజి తగ్గే వీధైతే మోటారు వేడెక్కుతుంది. మూడు ఫేజుల మోటారే కొని, మూడు ఫేజుల కనెక్షన్ లేకపోతే మోటారు వైర్లను డెల్టా పద్ధతిలో కలిపి, సింగిల్ ఫేజు కరెంటును మూడు ఫేజులుగా మార్చే 230 వోల్టుల వీఎఫ్‌డీ ద్వారా నడపవచ్చు. నేను అలాగే నడిపాను, స్టార్టింగ్ మెత్తగా ఉంటుంది. స్టార్టర్‌లో నో-వోల్ట్ కాయిల్ తప్పకుండా ఉండాలి. కరెంటు పోయి, మీరు బ్లేడు దగ్గర చేయి పెట్టినప్పుడు మళ్లీ వస్తే మెషీను తనంతట తాను తిరగకూడదు.

బ్లేడు చేయించేటప్పుడు పొడవు ఇలా లెక్కించండి. టెన్షన్ స్క్రూను పూర్తిగా పైకి కాకుండా కాస్త కిందికి ఉంచి రెండు షాఫ్టుల మధ్య దూరం కొలవండి. దానికి రెండింతలు, చక్రం వ్యాసానికి 3.1416 రెట్లు, రెండూ కలపండి. అతుకు గురించి శ్రద్ధ పెట్టండి. బ్యాండ్‌సాకు 1809లోనే ఇంగ్లండులో పేటెంటు వచ్చింది, కానీ తెగకుండా నిలబడే అతుకు 1846లో ఫ్రాన్సులో క్రెపాన్ అనే ఆమె సాధించేదాకా అది పనిలోకి రాలేదు. ఇప్పటికీ బ్లేడు ప్రాణం అతుకులోనే ఉంది. చేయించి తెచ్చుకున్నాక అతుకు వెనక అంచును తిన్నటి పట్టీకి ఆనించి చూడండి. అతుకు దగ్గర మెలిక ఉంటే ప్రతి తిప్పుకూ కోత మీద ఒక గాటు పడుతుంది. ఉబ్బు ఉంటే ఆకురాయితో సన్నగా తీసేయండి. నీలంగా కాలిపోయి గట్టిగా ఉంటే వెనక్కిచ్చేయండి.

కోతకు ముందు దూలాన్ని సిద్ధం చేయడమే సగం పని. మేకులు వెతకడానికి చిన్న మెటల్ డిటెక్టరు తీసుకోండి. నల్లగా మచ్చ కట్టిన చోట ఇనుము ఉండే అవకాశం ఎక్కువ. టేకులోని రసాయనాలతో తుప్పు కలిసి నలుపు పడుతుంది. ఒక ముఖం, ఒక అంచు చిత్రికతో తిన్నగా చేసి, రెంటి మధ్య మూలమట్టం పెట్టి చూడండి. ఫెన్సు, అంటే దూలాన్ని ఆనించి నెట్టే అడ్డుపలక, కూడా దూలం ఎత్తుకు సరిపోయేంత ఎత్తు ఉండాలి. 18 మి.మీ. ప్లైవుడ్‌తో చేసుకోవచ్చు, టేబులుకు సరిగ్గా 90 డిగ్రీలు.

గైడ్లు బ్లేడుకు తగలకుండా, కాగితం మందం ఎడం ఉంచి బిగించండి. అవి గల్లెట్లకు కాస్త వెనకే ఉండాలి, పళ్లకు తగిలితే వాటిని అటూ ఇటూ వంచిన సెట్ పోతుంది. వెనక బేరింగు కోయనప్పుడు తిరగకూడదు, కోసేటప్పుడే తిరగాలి. పై గైడును దూలానికి ఒక వేలి మందం పైదాకా దించండి. బ్లేడు టైరు మీద ఎక్కడ నడుస్తోందో చూసి, పై చక్రం వాలును సర్దండి. గల్లెట్ల అడుగు టైరు నడిమధ్య మీద ఉండేలా చూస్తే బ్లేడు పక్కకు పోవడం చాలా వరకు ఆగిపోతుంది. ఇంకా మిగిలితే పనికిరాని పలక మీద గీత గీసి, ఫెన్సు లేకుండా చేతితో ఆ గీత వెంటే కోయండి. సగం దాకా కోసి ఆపండి. పలక ఏ కోణంలో నిలిచిందో ఆ కోణానికి ఫెన్సు తిప్పండి. దీన్నే డ్రిఫ్ట్ సర్దడం అంటారు. బ్లేడు మొద్దుబారే కొద్దీ, ఒక వైపు పళ్లు ఎక్కువ అరిగే కొద్దీ ఇది మారుతుంది, అందుకే ప్రతి బ్లేడుకూ మళ్లీ చూసుకోవాలి.

నెట్టేటప్పుడు చెవితో వినండి. మంచి కోతకు ఒకే స్థాయిలో సాగే సుయ్ శబ్దం ఉంటుంది. శబ్దం బొంగురు పోతే నెమ్మదించండి. చివరి రెండు అంగుళాలు చేత్తో నెట్టవద్దు, కర్రతో నెట్టండి. చేతికి గ్లవుజులు వద్దు. ప్రతి పలక కోశాక దూలం కోత ముఖాన్ని ఒకసారి చిత్రిక పట్టి మళ్లీ ఫెన్సుకు ఆనించండి, లేకపోతే మొదటి పలకలోని వంకర పదహారో పలకదాకా పోతుంది.

కోసిన పలకలు వెంటనే వాడకండి. సముద్రం గాలి తగిలే మన ఊళ్లో తేమ 70, 75 శాతం దగ్గర తిరిగినప్పుడు చెక్క 13, 14 శాతం తేమ దగ్గర నిలబడుతుంది. దూలం లోపలి భాగం బయటికన్నా కాస్త పచ్చిగా ఉంటే, చీల్చిన ముఖం ఆరి ముడుచుకుని ఆ వైపుకు పలక గిన్నెలా వంగుతుంది. అందుకే మొదట 8 మి.మీ. ఉంచమంటున్నాను. మధ్యలో సన్న బద్దలు పెట్టి, పైన బరువు వేసి, ఎండ తగలని చోట రెండు మూడు వారాలు ఉంచండి. తర్వాత 6 మి.మీ.కి తేండి. మెషీను టేబులుకు కూడా ఇదే గాలి శత్రువు. వానాకాలంలో ఒక్క రాత్రిలో ఎర్రగా తుప్పు పడుతుంది. పని అయ్యాక పొట్టు తుడిచి మైనం రాసి గుడ్డతో రుద్దండి.

మాస్కు లేకుండా ఈ పని చేయకండి. చెక్క పొట్టును క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లోనే చేర్చింది. టేకు పొట్టు కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది. మా నాన్న ఆఖరి రోజుల్లో దగ్గుతో పడిన బాధ చూశాక నేను గుడ్డ మాస్కు కూడా మానేసి ఎన్95 పెట్టుకుంటున్నాను. కింద చక్రం దగ్గర వాక్యూమ్ గొట్టం పెట్టండి, సగం పొట్టు అక్కడే పోతుంది, టైరు మీద కూడా పేరుకోదు.

మొదటి దూలం కోయడానికి ముందు, బ్లేడు మార్చి అదే దూలంలోని ఒక అడుగు ముక్క మీద ఒక్క పలక తీయండి. పైన, నడుమ, కింద మూడు చోట్ల వెర్నియరుతో కొలిచి ఆ మూడు అంకెలూ ఇక్కడ రాయండి. నడుమ తేడా అర మి.మీ. లోపు ఉంటే మిగతా పదకొండూ మొదలుపెట్టొచ్చు. ఎక్కువుంటే బ్లేడు ఫొటో, టెన్షన్ కొలత కూడా పెట్టండి, చూసి చెబుతాను.